యూరో అద్దెకే పోతోంది!

కదిరి నుంచి గాండ్లపెంట మీదుగా రాయచోటి పోయే బస్సెక్కి పక్క సీటాయనను పలకరించి చూడండి. ఆయన ఇంట్లోనో, చుట్టాల్లోనో కువైట్ మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఈ ప్రాంతానికి విదేశం అంటే ముందు కువైటే. డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనికి ఖద్దామాలుగా వెళ్లినవాళ్లు దశాబ్దాలుగా ఇక్కడి ఇళ్లకు స్లాబులు వేయించారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, చేన్లలో బోర్లు దింపారు. అన్ని బోర్లలోనూ నీళ్లు పడలేదు, అది వేరే కథ.

ఆ వలస మనకు ఒక లెక్క కూడా నేర్పింది. ఇంటి పనికి పోయిన మనిషికి తిండి, పడక కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఇంట్లోనే. చేతికొచ్చిన దినార్లలో సబ్బుకూ ఫోనుకూ పోను మిగిలిందంతా ఇక్కడికి పంపొచ్చు. అందుకే జీతమెంతో తెలిస్తే ఇంటికెంత వస్తుందో తెలిసిపోయేది. ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా నోటి లెక్కతో తేల్చేసేవాళ్లు.

ఇప్పుడు ఆ ఇళ్లలోని పిల్లలే ఇంజనీరింగు ముగించి యూరప్ బాట పట్టారు. అమెరికా వీసా కష్టమైన కొద్దీ జర్మనీ పేరు ఎక్కువగా వినపడుతోంది. 2023–24 శీతాకాలపు సెమిస్టర్‌లో జర్మనీలో చదివే భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లను వెనక్కి నెట్టి మనవాళ్లే మొదటి స్థానంలో నిలిచారు. చేనూ చెలకా కుదువపెట్టిన నాయన మాత్రం ఇంకా కువైట్ లెక్కలోనే ఉన్నాడు. ‘‘యూరో అంటే నూరు రూపాయలంట గదప్పా! గంటకు పద్నాలుగు యూరోలంట. అంటే రోజుకెంత?’’ అని వేళ్లు మడుస్తాడు.

గుణకారంలో తప్పేమీ లేదు. అందులో గది అద్దె లేదు, అంతే.

పదకొండు లక్షల తొంభై వేలు

బెర్లిన్‌లో చదవాలంటే జర్మనీ ముందు అడిగేది మార్కులకన్నా డబ్బు. ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్మును ‘బ్లాక్డ్ అకౌంట్’లో వేసి చూపితేనే వీసా. 2016 తర్వాత కొన్నేళ్లు అది 8,640 యూరోలు. ఆ తర్వాత 10,236 అయింది, 2023లో 11,208. 2024 సెప్టెంబర్ నుంచి 11,904. సులువు కోసం యూరోకు నూరు రూపాయలే అనుకుందాం (బ్యాంకు అంతకన్నా ఎక్కువే పట్టుకుంటుంది). పదకొండు లక్షల తొంభై వేలు.

ఈ మొత్తాన్ని గాండ్లపెంట చేనికి తెచ్చి చూద్దాం. 2025–26లో వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర నిజంగా చేతికొస్తుందనుకున్నా, 164 క్వింటాళ్ల కాయ అమ్మాలి. వర్షాధారపు నేలలో ఎకరాకు అయిదు క్వింటాళ్లు పండితే మంచి ఏడే అనుకోవాలి. అంటే దాదాపు 33 ఎకరాల పంట. విత్తనం, ఎరువు, కూలీ, పందుల కాపలా ఏవీ తీసేయకముందు మాట ఇది.

మిగతా రాజధానులూ తక్కువేం కాదు. లండన్‌లో చదవబోయేవాళ్లు 2025 నవంబర్ నుంచి నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు చూపాలి, అది ఫీజు కాకుండా. డబ్లిన్‌కు 10 వేల యూరోలు. అక్కడ గది దొరకడం బెర్లిన్‌కన్నా గగనం. అయినా బెర్లిన్‌నే తీసుకోవడానికి కారణముంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల రుసుము కడితే చాలు. ఫీజు లేదన్న ఆ ఒక్క మాటతో ‘అక్కడ చదువు ఫ్రీ’ అని మన దగ్గర ప్రచారమైపోయింది. ఏజెంట్లు ఈ మాట చెప్పి, చేర్పించేది మాత్రం ఏటా వేల యూరోల ఫీజుండే ప్రైవేటు కాలేజీల్లో. అది గమనించాలి.

అకౌంట్లో వేసిన డబ్బు అక్కడికెళ్లాక ఒక్కసారిగా ఇవ్వరు. నెలకు 992 యూరోల లెక్కన వదులుతారు. అందులోంచి ముందుగా గది. షేరింగ్ ఫ్లాటులో ఒక్క గదికి బెర్లిన్‌లో సగటున 650 యూరోల దరిదాపు. తర్వాత ఆరోగ్య బీమా, నెలకు 140–150. ముప్పై ఏళ్లు దాటితే ఈ విద్యార్థి రేటు కూడా రాదు. నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఆలస్యంగా బయల్దేరేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు. రైలూ బస్సులకు విద్యార్థి పాసు 38 దాకా. ఫోను పది. రేడియో–టీవీ చందా ఇంటికి నెలకు 18.36, టీవీ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. నలుగురూ పంచుకుంటే అయిదు. ఇవన్నీ పోను మిగిలేది 140 యూరోలు. నెలంతా తిండి, బట్ట, మందు, తలకు క్షవరం, అన్నీ అందులోనే.

అమ్ముకున్న నగరం

ఒకప్పుడు బెర్లిన్ ఇంత ప్రియమైన ఊరు కాదు. 1989లో గోడ కూలిన తర్వాత తూర్పు వైపు వేలాది ఇళ్లు ఖాళీగా పడి ఉండేవి. చిత్రకారులు, సంగీతగాళ్లు, చేతిలో పైస లేనివాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి అక్కడ బతికేవారు. బెర్లిన్ బీదదే కానీ సొగసైనది అన్న అర్థంలో నగర మేయర్ క్లాస్ వోవెరైట్ 2003లో అన్న మాట ఊరి ప్రచార నినాదంలా పాకిపోయింది. ఆ బీదతనం ఉత్త మాట కాదు. ఖజానా అప్పుల్లో మునిగి ఉంది.

మరుసటి ఏడాదే, 2004లో, నగర ప్రభుత్వం జీఎస్‌డబ్ల్యూ అనే తన గృహసంస్థను అమ్మేసింది. దాంతోపాటు దాదాపు 65 వేల ఇళ్లు పోయాయి. వచ్చింది 40 కోట్ల 50 లక్షల యూరోలు. సంస్థ అప్పులు కొన్నవాళ్ల నెత్తినే పడ్డాయి, ఆ మాటా చెప్పాలి. అప్పులవాడి ఒత్తిడికి తల్లి పొలాన్ని ఏదో ఒక ధరకు తెగనమ్మి, తర్వాత ఆ గట్టు మీదుగా నడిచినప్పుడల్లా కుమిలిపోయే రైతును మన దగ్గర చూస్తుంటాం. బెర్లిన్‌దీ అచ్చం అదే పరిస్థితి. జీఎస్‌డబ్ల్యూ చేతులు మారి 2013లో డాయిచ వోనెన్ అనే పెద్ద కంపెనీలో కలిసిపోయింది. ఊరికి ఉద్యోగాలు, స్టార్టప్‌లు, లక్షల జనం వచ్చారు. ఇళ్లు మాత్రం ఆ లెక్కన కట్టలేదు. అద్దెలు ఎగబాకాయి.

2021లో అదే నగరం పెద్ద కంపెనీల నుంచి తిరిగి ఇళ్లు కొనుక్కుంది. 14,750 దాకా ఇళ్లకు దాదాపు 240 కోట్ల యూరోలు పెట్టింది. అమ్మినప్పుడు వచ్చిన దానికి ఆరింతల డబ్బు పోసినా, అమ్మిన ఇళ్లలో నాలుగో వంతు కూడా రాలేదు.

మధ్యలో ఇంకో ప్రయత్నమూ జరిగింది. 2020 ఫిబ్రవరిలో బెర్లిన్ ప్రభుత్వం అద్దెలకు గరిష్ఠ పరిమితి పెడుతూ చట్టం తెచ్చింది. కొన్ని నెలల పాటు చాలామంది అద్దె తగ్గింది కూడా. 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. అలాంటి చట్టం చేసే అధికారం రాష్ట్ర హోదా ఉన్న బెర్లిన్‌కు లేదంది. తగ్గించి కట్టిన అద్దెల తేడాను అద్దెకున్నవాళ్లలో చాలామంది తిరిగి కట్టాల్సి వచ్చింది. జనం కోపం ఊరకే పోలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 26న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పెద్ద కంపెనీల ఇళ్లను నష్టపరిహారమిచ్చి ప్రభుత్వమే స్వాధీనం చేసుకోవాలని 59 శాతం దాకా ఓటర్లు కోరారు. ప్రభుత్వం దానికి కట్టుబడి తీరాలన్న నియమం లేదు. స్వాధీనం ఇప్పటికీ జరగలేదు.

నూటికి ఎనభైకి పైగా కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉండే ఊరది. ఇక్కడ మనకు ఇల్లు లేకపోవడం నామోషీ. అక్కడ పెద్ద ఉద్యోగులు కూడా జీవితమంతా అద్దెకే ఉంటారు. కాబట్టి గది కోసం మన కుర్రాడు పోటీ పడేది తోటి విద్యార్థులతోనే కాదు, ఊరు ఊరంతటితో. పాత అద్దె ఒప్పందం ఉన్నవాళ్లు తక్కువకు కాలక్షేపం చేస్తుంటారు, కాబట్టి ఎవరూ ఖాళీ చేయరు. కొత్తగా దిగినవాడికి కొత్త ధర. ఒకే మెట్ల దారిలో ఎదురెదురు తలుపుల వెనక ఒకే వైశాల్యం ఉన్న ఇళ్లకు రెండు రకాల అద్దెలుంటాయి. పాతికేళ్ల క్రితం వచ్చిన ముసలావిడ కట్టేది ఒకటి, నిన్న దిగిన మన పిల్లవాడు కట్టేది ఇంకొకటి. అద్దె ఇంటి చట్టాలు గట్టివే. కానీ ఆ గట్టిదనం ముందొచ్చినవాళ్లకే ఎక్కువ కలిసొచ్చింది.

బియ్యం చవక, చెయ్యి ప్రియం

అమ్మలు ఫోన్లో అడిగేది ‘‘ఏం తింటాండావురా?’’ అని. ఆ బెంగ చాలామటుకు అక్కర్లేదు. తిండి సరుకు దగ్గర బెర్లిన్ అంత భయపెట్టే ఊరు కాదు. ఆల్డి, లిడ్ల్ లాంటి దుకాణాల్లో లీటరు పాలు ఒక యూరో అటూ ఇటూ, మామూలు బియ్యం కిలో ఒకటిన్నర, రెండు యూరోలు. ఆదివారం దుకాణాలు మూస్తారు గనుక శనివారం సాయంత్రమే తెచ్చుకోవాలి. తెలియక మొదటి ఆదివారం పస్తులున్నవాళ్లు లేకపోలేదు.

కూరగాయలకు మంగళ, శుక్రవారాల్లో నోయ్‌కోల్న్ పేటలో కాలవ గట్టున జరిగే మైబాఖ్ఉఫర్ సంతకు పోతారు. దాన్ని నడిపేవాళ్లలో ఎక్కువమంది టర్కీవాళ్లు. 1961లో పశ్చిమ జర్మనీ ఒప్పందం చేసుకుని కూలీలుగా పిలిపించుకున్న వాళ్ల పిల్లలూ మనవలూ వీళ్లు. వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్ట, అన్నీ ఉంటాయి. పొద్దు వాలేకొద్దీ అరుపుల స్థాయి పెరుగుతుంది, ధర తగ్గుతుంది. మిగిలిన టమాటాలను గిన్నెలో కుమ్మరించి ‘ఒక యూరో, ఒక యూరో’ అంటూ సంచిలో పోసేస్తారు. బండి సర్దుకునే వేళకు వెళ్తే వారానికి సరిపడా పచ్చడి, పప్పు, పులుసు గడిచిపోతాయి. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలి కిలోకు ఎంత రాలిందో చూసుకున్న ఇంటి పిల్లలకు ఈ బేరం కొత్త కాదు, నిలబడిన వైపు మారిందంతే.

సీసా సంగతీ చెప్పాలి. అక్కడ ప్లాస్టిక్ సీసాలో నీళ్లో, డబ్బాలో కూల్‌డ్రింకో కొంటే ధర మీద 25 సెంట్లు అదనంగా పట్టుకుంటారు. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రం నోట్లో పెడితే అది గిరగిరా తిప్పి, మీద గుర్తు చదివి, లోపలికి లాక్కుంటుంది. చివర్లో మీట నొక్కితే చీటీ వస్తుంది. దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బు. నాలుగు సీసాలకు ఒక యూరో. పార్కుల్లో తాగినవాళ్లు సీసాలను చెత్తకుండీలో వేయకుండా పక్కన నిలబెట్టి పోతారు, ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా. ఆ ఏరుకునేవాళ్లలో పింఛను చాలని జర్మన్ ముసలివాళ్లుంటారు. యూరప్ అంటే అందరూ కలవారే అనుకుని దిగే పిల్లలు నోరెళ్లబెట్టేది అక్కడ.

సరుకు చవకైనా, దానికి మనిషి చెయ్యి తగిలిందంటే ధర మారిపోతుంది. ఇక్కడ వంద రూపాయలకు అయ్యే క్షవరానికి అక్కడ 20–30 యూరోలు. తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నారా, రాత్రి పూట వచ్చి తీసేవాడు వందల యూరోలు వసూలు చేస్తాడు. హోటల్లో కూర్చుని తింటే ఇంట్లో నాలుగు రోజులు వండుకునే డబ్బు. బెర్లిన్ పేదవాడి భోజనమంటే డోనర్ కబాబ్. కాదిర్ నూర్మన్ అనే టర్కీ వలసజీవి 1972లో రొట్టెలో మాంసం పెట్టి చేతికిచ్చే పద్ధతి మొదలుపెట్టాడని చెబుతారు. కొన్నేళ్ల క్రితం దాకా నాలుగు యూరోల లోపే కడుపు నింపిన ఆ డోనర్ ఇప్పుడు చాలాచోట్ల ఏడు. 2024లో ఇది రాజకీయమే అయింది. డోనర్ ధర 4.90 యూరోలు దాటకుండా కట్టడి చేయాలని వామపక్ష పార్టీ అడిగింది. అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్‌ను కుర్రాళ్లు పట్టుకుని డోనర్ ధర ఎప్పుడు దించుతావని నిలదీసేవాళ్లు. మన దగ్గర ఉల్లిగడ్డ ప్రభుత్వాలను వణికించినట్టే.

ఎందుకింత ప్రియమంటే, అక్కడ మనిషి గంటకు విలువ కట్టారు. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అక్కడ గంట పనికి ఏడు నుంచి తొమ్మిది కిలోల బియ్యం వస్తే, ఇక్కడ రోజంతా మట్టి తవ్వితే అయిదారు కిలోలు. ఈ తేడాను చూసి కన్నుకుట్టడం సహజమే. ఆ గంట విలువే మళ్లీ క్షవరంలో, కొళాయి బాగుచేసే పనిలో, గది అద్దెలో తిరిగి మన దగ్గరికే బిల్లుగా వస్తుంది. అందుకే అక్కడ ప్రతి పనీ చేసుకోవడం నేర్చుకుంటారు. ఒకరి తల ఒకరు గొరుగుతారు, పంక్చర్లు వేసుకుంటారు. ఊళ్లో గ్లాసు కడగని మగపిల్లవాడు నలుగురికి రసం పెడతాడు. ఇది మాత్రం మంచికే అంటాను.

ఎన్ని గంటలు గదికి?

చదువుకునేవాడు ఇష్టమొచ్చినన్ని గంటలు పని చేయడానికి వీల్లేదు. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. చదువు జరిగే నెలల్లో వారానికి 20 గంటలు అన్నది వాడుక. ఆ లెక్కన నెలకు 86 గంటలు. కనీస వేతనం మీద కోతలు పోను పదకొండు వందల యూరోల దరిదాపు. 650 గదికి కట్టాలంటే అందులో దాదాపు 51 గంటల పని దానికే. సగానికి పైగా. పగలు క్లాసు, సాయంత్రం గోదాములో పెట్టెలు మోయడం, వానలో సైకిల్ మీద తిండి పొట్లాలు చేర్చడం. ఇందులో సగం శ్రమ నాలుగు గోడల కోసమే. కువైట్ ఖద్దామాకు లేని బరువిది. ఆమెకున్న బాధలు వేరే, వాటిని తక్కువ చేయడం లేదు.

అదీ పని దొరికితే. జర్మన్ భాష రాకపోతే మొదటి మూణ్ణాలుగు నెలలు చేతిలో ఏమీ ఉండదనే అనుకోవాలి. ఆ నెలల్లోనే ఇక్కడి నుంచి ఫోన్ వస్తుంది: ‘‘నాయనా, బ్యాంకోళ్లు అడుగుతాండారు. ఈ నెల ఏమన్నా పంపుతావా?’’

చదువు ముగిసి ఉద్యోగమొస్తే? నెలకు 4 వేల యూరోల జీతమంటే ఊళ్లో ‘నాలుగు లక్షలు’ అని చెప్పుకుంటారు. ఒంటరి మనిషికి పన్ను, పింఛను, బీమా పోను చేతికొచ్చేది 2,600 అటూ ఇటూ. కానీ ఆ కోసిన డబ్బు గాల్లో కలిసిపోదు. పెళ్లయి పిల్లలు పుడితే అసలు సంగతి తెలుస్తుంది. బెర్లిన్‌లో బడికి ఫీజు లేదు. 2018 నుంచి శిశువిహారాలకూ ఫీజు లేదు, తిండికి 23 యూరోలు కడితే చాలు. బడి పిల్లలకు రైలు, బస్సు ఉచితం. ఒక్కో బిడ్డకు ప్రభుత్వమే నెలకు 259 యూరోలిస్తుంది. ఆస్పత్రిలో చేరితే ఇల్లు అమ్ముకునే పని లేదు. హిందూపురంలోనో అనంతపురంలోనో ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడిలో చదివించే తల్లిదండ్రులు తమ నెల ఖర్చులోంచి ఫీజూ ఆస్పత్రీ తీసేసి చూసుకుంటే, బెర్లిన్ ఏ వయసువాళ్లకు ప్రియమో ఏ వయసువాళ్లకు కాదో తెలిసిపోతుంది. నా అంచనాలో అది ఇరవై మూడేళ్ల ఒంటరి విద్యార్థిని పిండి, ముప్పై అయిదేళ్ల తండ్రిని ఆదుకునే ఊరు.

కటారుపల్లి పక్కన ఊరి పిల్లలకు

వేమన సమాధి ఉన్న కటారుపల్లి గాండ్లపెంట మండలంలోదే. ఆ చుట్టుపక్కల నుంచి, కదిరి నుంచి, ధర్మవరం మగ్గాల ఇళ్ల నుంచి ఈ ఏడు బయల్దేరే పిల్లలకూ, వాళ్ల పెద్దలకూ చెప్పాల్సినవి కొన్నున్నాయి.

గదిని విమానం టికెట్టుకన్నా ముందు వెతకాలి. విశ్వవిద్యాలయ హాస్టళ్లను నడిపే విద్యార్థి సేవా సంస్థకు సీటు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టాలి. అక్కడ గది చవక, వరుస మాత్రం చాలా పొడవు. దొరికిన గదికి ‘ఆన్‌మెల్డుంగ్’, అంటే నగర కార్యాలయంలో చిరునామా నమోదు, చేయనిస్తారా లేదా అని మొదటే అడగాలి. దిగిన రెండు వారాల్లోపు చేయించాల్సింది అది. అది లేకుంటే పన్ను నంబరు రాదు, పని దొరకడం కష్టం. నమోదు కుదరదనే గది చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

డిపాజిట్ విషయంలో చట్టం అద్దెకున్నవాడి వైపే ఉంది. మూడు నెలల అద్దె కన్నా ఎక్కువ అడగకూడదు, దానిలో కరెంటు, హీటర్ ఖర్చులు కలపకూడదు. ఆ మొత్తాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. ఇది తెలియక ఒకేసారి కట్టేసి, మొదటి నెలలోనే ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఎందరో. ఇల్లు వదిలేటప్పుడు ఆ డబ్బు వడ్డీతో తిరిగి రావాలి. చేరిన రోజే గోడ మీద ప్రతి గీతకూ ఫోటో తీసి పెట్టుకుంటే అది సులువుగా వస్తుంది.

ఇక మోసం. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపు, తాళంచెవి కొరియర్ చేస్తాను’ అనే ప్రకటనలు నెట్‌లో కుప్పలు. ఫోటోల్లో గది బంగారంలా ఉంటుంది, అద్దె సగమే ఉంటుంది. ఊళ్లో వేరుశనగ కాయ అమ్మి కట్టిన డబ్బు అలా ఒక్క పూటలో పోతే పోలీసులకు చెప్పుకోవడానికి భాష కూడా ఉండదు. మీరో, మీకు తెలిసినవాళ్లో ఆ గది లోపల నిలబడి చూడనిదే, ఒప్పంద పత్రం మీద సంతకాలు కానిదే ఒక్క యూరో కూడా పంపకండి.